పిల్లల నిద్ర, స్కూల్లో వాళ్ల ప్రవర్తన: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూలు నుంచి ఫిర్యాదు వచ్చిన రోజు ఇంట్లో పిల్లలను మొదట అడిగేది "క్లాసులో ఏం చేశావు?" అనే. "రాత్రి సరిగ్గా నిద్రపట్టిందా?" అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండో ప్రశ్న ముందుగా అడిగితే చాలామంది పిల్లలకు అనవసరమైన తిట్లు, "అల్లరివాడు", "మొండిది" అనే ముద్రలు తప్పుతాయని నా గట్టి నమ్మకం. తల్లిదండ్రులు, టీచర్లు ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి.

నిద్ర చాలకపోతే పిల్లలు క్లాసులో కునికిపాట్లు పడాలి కదా? మావాడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడని టీచర్ అంటున్నారు. దానికీ నిద్రకూ సంబంధం ఏముంటుంది?

చాలామంది పొరబడేది ఇక్కడే. నిద్ర తక్కువైతే పెద్దవాళ్లు మందకొడిగా అయిపోతారు, ఆవలిస్తారు, మాట తగ్గిస్తారు. చిన్నపిల్లల్లో, అందులోనూ ప్రైమరీ క్లాసుల వయసులో, తరచూ దీనికి పూర్తి వ్యతిరేకంగా కనిపిస్తుంది. మగత కమ్ముకొస్తున్నకొద్దీ వాళ్లు ఇంకా కదులుతారు, ఇంకా గట్టిగా మాట్లాడతారు, సీట్లోంచి లేస్తారు. చూసేవాళ్లకు అది ఒంట్లో శక్తి ఎక్కువైనట్టు అనిపిస్తుంది.

నిద్ర లేమి దెబ్బ ముందుగా పడేది మెదడు ముందుభాగం చేసే పనుల మీద. చేయాలనిపించింది చేయకుండా ఆగడం, తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం, కోపాన్ని అణచుకోవడం, ఒక పని మీద నుంచి ఇంకో పనికి మళ్లడం అన్నీ అక్కడివే. క్లాసులో పిల్లల నుంచి మనం రోజంతా ఆశించేవి కూడా సరిగ్గా ఇవే. అందుకే నిద్ర చాలని పిల్లవాడు లైన్లో ముందున్నవాణ్ణి తోస్తాడు, టీచర్ ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు అరిచేస్తాడు, పెన్సిల్ ముల్లు విరిగితే పెద్ద గొడవ చేస్తాడు. నేర్చుకున్న పాఠం మెదడులో స్థిరపడేదీ నిద్రలోనే కాబట్టి, నిన్న వచ్చిన లెక్క ఇవాళ రాదు. దాంతో చిరాకు ఇంకా పెరుగుతుంది.

అందరూ ఇలాగే ఉండరు. కొందరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి వాళ్ల మీద ఫిర్యాదు రాదు. "నెమ్మదస్తురాలు, కాస్త పరధ్యానం" అని వదిలేస్తారు. ఆ పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు.

ఈ ప్రవర్తన నిద్ర వల్లేనని ఎలా పోల్చుకోవాలి?

ఒక్క లక్షణంతో తేల్చలేం. కొన్ని గుర్తులు మాత్రం బాగా పనికొస్తాయి. ఉదయం ఎన్నిసార్లు లేపినా లేవకపోవడం. బండి ఎక్కిన పది నిమిషాల్లో, అది పగలైనా సరే, నిద్రపోవడం. సెలవు రోజున మామూలుకంటే రెండు గంటలు ఎక్కువ పడుకోవడం. సాయంత్రానికి ఏడుపు, పేచీ పెరగడం. అన్నిటికంటే నమ్మదగినది పెద్ద సెలవుల్లో తెలుస్తుంది: రెండో వారానికల్లా పిల్లవాడు తేటగా, నవ్వుతూ, చెప్పిన మాట వింటూ ఉండి, స్కూలు తెరిచాక మళ్లీ పాత కథే మొదలైతే నిద్ర మీద అనుమానపడాల్సిందే. స్కూల్లోనే ఏదైనా బాధ ఉన్నా ఇలాగే కనిపించవచ్చు. దాని సంగతి కింద చెప్తాను.

ఏ వయసుకు ఎంత నిద్ర కావాలి?

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం 24 గంటల్లో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి.

లెక్క వేసేటప్పుడు మంచం ఎక్కిన సమయం కాకుండా నిద్ర పట్టిన సమయం చూడండి. తొమ్మిదికి లైటు తీసేసినా పదింటిదాకా అటూ ఇటూ దొర్లుతుంటే ఆ గంట నిద్ర కిందికి రాదు. ఎనిమిదేళ్ల పాప ఉదయం ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి, అదీ కనీస లెక్క. ఒక్కో బిడ్డ అవసరం ఒక్కోలా ఉంటుంది. ఎవరూ లేపకుండా దాదాపు అదే వేళకు తనంతట తాను లేచి, పగలంతా హుషారుగా ఉంటే ఆ బిడ్డకు నిద్ర సరిపోతున్నట్టే.

ఓ అరగంట తగ్గితే ఏమవుతుంది?

అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు 34 మందితో చేసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. కొందరిని మామూలుకంటే త్వరగా, కొందరిని ఆలస్యంగా పడుకోమన్నారు. మొదటి గుంపు రాత్రికి సగటున 27 నిమిషాలు ఎక్కువ పడుకుంది, రెండో గుంపు 54 నిమిషాలు తక్కువ. ఎవరు ఏ గుంపో టీచర్లకు తెలియదు. అయినా ఎక్కువ పడుకున్న పిల్లల్లో చిరాకు, దుడుకుతనం తగ్గాయని, తక్కువ పడుకున్నవాళ్లలో పెరిగాయని వాళ్లే గుర్తించారు. ఇది చిన్న అధ్యయనమే. కానీ వీళ్లకు జబ్బేమీ లేదు, మామూలు పిల్లలు. అరగంట కూడా లేని తేడా టీచర్ కంటికి ఆనిందంటే, "ఈ ఒక్క సీరియల్ అయ్యాక పడుకుందాంలే" అనే అలవాటును మళ్లీ ఆలోచించాలి.

మా బాబుకు ఏడీహెచ్‌డీ ఉందేమో చూపించమని స్కూల్లో అన్నారు. అది నిజంగా ఏడీహెచ్‌డీనా, నిద్ర సమస్యా?

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవక, కుదురు లేకుండా ఉండే మెదడు ఎదుగుదల సమస్య. అదీ, నిద్ర లేమీ పైకి ఒకేలా కనిపిస్తాయి: కుదురులేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, ఆలోచించకుండా చేసేయడం, మరిచిపోవడం. కాబట్టి ఏడీహెచ్‌డీ అని తేల్చేముందు నిద్ర గురించి వివరంగా అడగని పరీక్ష సంపూర్ణం కాదు. అడగకపోతే మీరే చెప్పండి.

అలాగని "నిద్ర సరిచేస్తే ఏడీహెచ్‌డీ పోతుంది" అనుకోవడమూ పొరపాటే. ఏడీహెచ్‌డీ నిజంగా ఉన్న పిల్లల్లోనూ నిద్ర సమస్యలు చాలా ఎక్కువ. రాత్రి మనసు కుదుటపడక నిద్రపట్టదు, నిద్ర చాలక పగలు ధ్యాస ఇంకా చెదురుతుంది. ఆస్ట్రేలియాలో ఏడీహెచ్‌డీతో పాటు నిద్ర సమస్య కూడా ఉన్న 244 మంది పిల్లల్లో సగం మంది కుటుంబాలకు నిద్ర అలవాట్ల మీద కొద్దిపాటి శిక్షణ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. శిక్షణ పొందిన ఇళ్లలో పిల్లల నిద్ర మెరుగుపడింది, ఏడీహెచ్‌డీ లక్షణాలు కూడా కొంత తగ్గాయి. పూర్తిగా పోలేదు. కొంత తగ్గినా ఆ పిల్లలకు, ఆ ఇంటికి అది పెద్ద ఊరటే.

తేడా పట్టడానికి సాయపడేవి రెండు. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ స్కూల్లోనూ నెలల తరబడి ఉంటాయి. బాగా నిద్రపోయిన రోజుల్లోనూ కనిపిస్తాయి. నిద్ర లేమి వల్ల వచ్చేవి రాత్రిని బట్టి హెచ్చుతగ్గులవుతాయి. ఇప్పటికే మందులు వాడుతుంటే ఇంకో విషయం: మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు కొందరిలో నిద్ర పట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. మీ అంతట మీరు ఆపకండి. వేసే వేళ, మోతాదు మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి.

మా పాప గురక పెడుతుంది. చిన్నపిల్ల కదా అని ముచ్చటపడుతున్నాం. పట్టించుకోవాలా?

జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే భయపడక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులు, అంతకంటే ఎక్కువ వస్తుంటే తప్పకుండా చూపించాలి.

పిల్లల్లో సుమారు 1 నుంచి 5 శాతం మందికి నిద్రలో ఊపిరి దారి మూసుకుపోయే సమస్య, అంటే స్లీప్ ఆప్నియా, ఉంటుంది. 2 నుంచి 8 ఏళ్ల మధ్య ఎక్కువ. ఆ వయసులో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెద్దగా ఉండి, గొంతు దారి ఇరుకుగా ఉండటమే ముఖ్యకారణం. ఊపిరి అందనప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి బిడ్డను గాఢనిద్రలోంచి పైకి లాగుతుంది. పూర్తిగా మెలకువ రాదు కాబట్టి పాపకు గుర్తుండదు, మీకూ తెలియదు. గడియారం ప్రకారం పది గంటలు పడుకున్నట్టే ఉంటుంది, నిద్ర మాత్రం ముక్కలు ముక్కలుగా తెగిపోయి ఉంటుంది.

రాత్రి ఒకసారి లైటు వేయకుండా పక్కన కూర్చుని గమనించండి. నోరు తెరిచి పడుకుంటోందా? గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దమై, తరవాత ఎగశ్వాసతో మొదలవుతోందా? మెడ వెనక్కి వంచి పడుకుంటోందా? చెమటతో తడిసిపోతోందా? మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా? పొద్దున్నే తలనొప్పి అంటోందా? ఇలాంటివి ఉంటే పిల్లల డాక్టర్‌కు, తరవాత అవసరమైతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. రాత్రంతా శ్వాస, ఆక్సిజన్, మెదడు తరంగాలు కొలిచే స్లీప్ స్టడీతో ఇది ఖాయంగా తెలుస్తుంది.

ఆపరేషన్ చేస్తే స్కూల్లో మార్పు వస్తుందా అని అడుగుతారు. దీని మీద 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. సగం మందికి టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశారు, మిగతావాళ్లను ఏడు నెలలు గమనిస్తూ ఉన్నారు. ఏకాగ్రతను కొలిచే పరీక్షల మార్కుల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం మాత్రం ఆపరేషన్ అయినవాళ్లలో బాగా మెరుగయ్యాయి. స్లీప్ స్టడీ మామూలు స్థితికి వచ్చినవాళ్లు ఆపరేషన్ గుంపులో 79 శాతం, గమనించిన గుంపులో 46 శాతం. అంటే ఎదురుచూసినా కొందరికి తగ్గుతుంది. సమస్య తక్కువగా ఉన్నవాళ్లకు కొన్నిసార్లు ముక్కులో కొట్టే స్ప్రేతోనే ప్రయత్నిస్తారు. బరువు ఎక్కువున్న పిల్లలకు బరువు తగ్గడం కూడా చికిత్సలో భాగమే. ఏది మంచిదో బిడ్డను చూసిన డాక్టరే చెప్పగలరు.

రాత్రంతా కాళ్లు ఆడిస్తూ, దుప్పటి తన్నేస్తూ ఉంటాడు. ఒక్కోసారి కాళ్లు లాగుతున్నాయంటాడు.

ఎదుగుతున్న వయసు నొప్పులని వదిలేయకండి. కాళ్లు కదపకపోతే ఉండలేనంత ఇబ్బంది, కదిపితే కాస్త హాయి, సాయంత్రం నుంచి ఎక్కువ కావడం... ఇవి ఉంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. చిన్నపిల్లలు "చీమలు పాకుతున్నాయి", "కాళ్లలో ఏదో గుచ్చుతోంది" అంటారు. క్లాసులో బెంచీ కింద కాళ్లు ఊపేదీ, పదేపదే లేచి తిరిగేదీ దీనివల్లే కావచ్చు.

దీనికి ఒక ముఖ్య కారణం ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గడం. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వ తక్కువగా ఉండవచ్చు. అందుకే డాక్టర్ ఫెరిటిన్ పరీక్ష రాస్తారు. ఇలాంటి పిల్లల్లో ఫెరిటిన్ 50 కంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. సొంతంగా ఐరన్ సిరప్ మొదలుపెట్టవద్దు, మోతాదు మించితే పిల్లలకు ప్రమాదం.

పడుకోమంటే గంటసేపు మారాం. నీళ్లు, బాత్రూమ్, ఇంకో కథ. ఏం చేయాలి?

ముందు ఒకటి గమనించండి: ఆ వేళకు బిడ్డకు నిజంగా నిద్ర వస్తోందా? పదింటికి నిద్రపట్టే బిడ్డను ఎనిమిదిన్నరకు మంచం మీదకు తోస్తే ఆ గంటన్నరా యుద్ధమే. అలాంటప్పుడు కొన్నాళ్లు పదింటికే పడుకోబెట్టండి. మంచం ఎక్కగానే నిద్రపట్టడం అలవాటయ్యాక రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందే పడుకోబెట్టండి. ఇలా సరిచేసే రోజుల్లో ఉదయం లేచే వేళ మాత్రం మారకూడదు, సెలవు రోజైనా సరే. నిద్రవేళను సరిచేసే అసలు మేకు అదే.

పడుకునేముందు ఓ అరగంట రోజూ ఒకే వరసలో జరగాలి. స్నానమో, పళ్లు తోముకోవడమో, ఒక కథ, లైటు తీయడం. వరస మారకపోవడమే ముఖ్యం, అందులో ఏముందనేది అంత కాదు. పదేపదే లేచి వచ్చే బిడ్డకు ఒక కార్డు ఇచ్చి చూడండి. ఆ కార్డుతో రాత్రికి ఒక్కసారి బయటికి రావచ్చు, నీళ్లయినా, ముద్దయినా అడగవచ్చు. ఆ తరవాత కార్డు మీ దగ్గరే. చిన్న ఉపాయమే అయినా అధికారం కొంత తన చేతిలో ఉందన్న భావనతో చాలామంది పిల్లలు కుదురుకుంటారు.

మీరు పక్కనుంటేనే నిద్రపోయే అలవాటుంటే అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడూ మీరే కావాలి. కలిసి పడుకోవడం మీ ఇంట్లో అందరికీ బాగుంటే మార్చాల్సిన పనిలేదు. ఇబ్బందిగా ఉంటే మాత్రం మొదట మంచం పక్కన కూర్చోండి, కొన్ని రోజులకు కుర్చీ కాస్త దూరం జరపండి, తరవాత తలుపు దగ్గరికి. కొత్త పద్ధతి మొదలుపెట్టిన తొలి రోజుల్లో పేచీ పెరుగుతుంది. అక్కడ లొంగిపోతే ఇంకా గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని బిడ్డ నేర్చుకుంటుంది.

ఇంకొకటి, "మాట వినకపోతే ఇప్పుడే వెళ్లి పడుకో" అని శిక్షగా మాత్రం వాడకండి.

ఫోన్, టీవీ వల్ల నిద్ర నిజంగా పాడవుతుందా?

అవుతుంది. స్క్రీన్ వెలుతురు నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే హార్మోన్ మెలటోనిన్ విడుదలను తగ్గిస్తుంది. పిల్లల కళ్లలోకి పెద్దవాళ్లకంటే ఎక్కువ వెలుతురు వెళ్తుంది కాబట్టి ప్రభావమూ ఎక్కువే. అయితే వెలుతురు కంటే పెద్ద నష్టం ఇంకో రెండింటి వల్ల అని నా అభిప్రాయం: అది తినేసే సమయం, అది రేపే ఉత్సాహం. గేమ్‌లో ఓడిపోయిన కోపంతోనో, గ్రూపులో ఎవరో అన్న మాటతోనో పడుకున్న బిడ్డకు బ్లూ లైట్ ఫిల్టర్ ఏం చేస్తుంది? పడుకునేందుకు గంట ముందే ఆపడం, రాత్రి ఫోన్‌ను పడకగదిలో ఉంచకపోవడం మేలు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా పడకగది బయటే పెడితే చెప్పే మాటకు బలం ఉంటుంది.

టీనేజ్ పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుంటారు. బద్ధకమా?

చాలావరకు శరీర ధర్మం. యుక్తవయసులో శరీర గడియారం ఆలస్యం వైపు జరుగుతుంది, మెలటోనిన్ రాత్రి పొద్దుపోయాక గానీ పెరగదు. పదకొండు దాటితే గానీ నిద్రపట్టని పిల్లను ఐదున్నరకు లేపితే మొదటి పీరియడ్లలో ఆమె శరీరం క్లాసులో ఉన్నా మెదడు ఇంకా రాత్రిలోనే ఉంటుంది. విసుగు, ఎదురు సమాధానాలు, కుంగుబాటు, మార్కులు పడిపోవడం దీని వెంటే వస్తాయి.

అందుకే ఈ వయసు పిల్లల స్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో చెప్పింది. సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్ల సమయాన్ని 7:50 నుంచి 8:45కి మారిస్తే పిల్లల నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగింది. ఆలస్యంగా వెళ్లొచ్చు కదా అని ఇంకా ఆలస్యంగా మేలుకుంటారన్న భయం అక్కడ నిజం కాలేదు. కాలిఫోర్నియా చట్టమే చేసింది, 2022 జులై నుంచి అక్కడ కొన్ని గ్రామీణ ప్రాంతాల్లో తప్ప హైస్కూళ్లు 8:30కి ముందు మొదలుకావు. స్కూలు వేళ మార్చడం మీ చేతిలో లేకపోతే, లేవగానే ఎండ వెలుతురులో కాసేపు ఉండేలా చూడండి. సాయంత్రం కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు ఆపించండి. కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

వారమంతా తగ్గిన నిద్రను ఆదివారం తీర్చుకోవచ్చా?

ఓ గంట ఎక్కువ పడుకుంటే పరవాలేదు. మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్రపట్టదు, సోమవారం క్లాసులో మళ్లీ గొడవ.

రాత్రి నిద్రలో లేచి కేకలు పెడుతుంది. స్కూల్లో ఏమైనా జరిగిందా?

ఎప్పుడు లేస్తోందో చూడండి. నిద్రపోయిన రెండు మూడు గంటల్లోపు, కళ్లు తెరిచి కేకలు వేస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, ఉదయానికి ఏమీ గుర్తులేకుండా ఉంటే అది నైట్ టెర్రర్. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా ఎక్కువవుతుంది. లేపకండి, దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు. తెల్లవారుజామున లేచి, కల చెప్పి ఏడిస్తే అది పీడకల. అదే కల తరచూ వస్తుంటే మనసులో ఏదో భయం ఉందేమో పగటిపూట నెమ్మదిగా అడగండి.

ప్రవర్తన నుంచి నిద్రకూ దారి ఉంటుంది. క్లాసులో ఎవరైనా ఏడిపిస్తున్నా, పరీక్షల టెన్షన్ ఉన్నా, చదవడం రాక అవమానపడుతున్నా నిద్రపట్టదు. స్కూలుకు ముందురోజు రాత్రే కడుపునొప్పి, నిద్రలేమి వస్తుంటే సమస్య మంచం దగ్గర వెతకవద్దు.

మెలటోనిన్ మాత్రలు ఇవ్వొచ్చా?

డాక్టర్ చెప్పకుండా వద్దు. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న కొందరు పిల్లలకు అలవాట్లు మార్చినా ఫలితం లేనప్పుడు డాక్టర్లు రాస్తారు. దుకాణంలో నేరుగా దొరికే వాటి మీద రాసిన మోతాదును నమ్మలేం. 31 రకాలను పరీక్షించిన ఒక అధ్యయనంలో లేబుల్ కంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేలింది. నిద్ర కోసం దగ్గు మందు, ఎలర్జీ మందు పట్టడం అసలే వద్దు.

నేను టీచర్ని. నేనేం చేయగలను?

ఏం చేశాడన్నదే కాకుండా ఎన్నింటికి చేశాడో కూడా రాసిపెట్టండి. రోజూ మొదటి పీరియడ్‌లోనో, మధ్యాహ్నం తరవాతో మాత్రమే గొడవ జరుగుతుంటే అది తల్లిదండ్రులకు, డాక్టర్‌కు విలువైన సమాచారం. ఇంటికి ఫిర్యాదు పంపే బదులు "ఈమధ్య రాత్రిళ్లు నిద్ర ఎలా ఉంది?" అని ఒక ప్రశ్న పంపండి. శిక్షగా ఆటల పీరియడ్ తీసేయకండి, ఆ బిడ్డకు కదలడం, వెలుతురు అందరికంటే ఎక్కువ అవసరం. హోంవర్క్ పూర్తిచేయడానికి రాత్రి పదకొండు అవుతోందని ఎవరైనా చెబితే దాన్ని సాకు అనుకోకుండా వినండి.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి?

రెండు వారాల నిద్ర డైరీ: ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచింది, ఉదయం ఎలా లేచింది. గురక, శ్వాస ఆగడం లాంటివి ఉంటే ఫోన్లో తీసిన వీడియో. స్కూల్లో రాసిచ్చినది.

రెండు విషయాల్లో మాత్రం ఆలస్యం వద్దు. సరిపడా పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే, నవ్వినప్పుడు మోకాళ్లు సడలుతుంటే నార్కొలెప్సీ ఏమో చూడాలి. మాట మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, తట్టినా పలకకపోతే అది నిద్ర మగత కాకుండా ఫిట్స్‌లో ఒక రకం కావచ్చు.

నిద్ర సరిచేశాం, నెల దాటింది. అయినా ఫిర్యాదులు ఆగలేదు.

అప్పుడు వేరేచోట వెతకాలి. కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనపడని, సరిగ్గా వినపడని పిల్లలు కూడా "మాట వినని" పిల్లల్లాగే ఉంటారు. చదవడం, రాయడం వయసుకు తగ్గట్టు వస్తోందా చూడండి. కొత్త నిద్రవేళను మాత్రం పాతదానికి జరపకండి.